ఆ చిట్టీ చదివింది నేనే

నా చిన్నప్పుడు మా వాకిట్లో అయిదుగురు ఆడవాళ్లు కూర్చుని బీడీలు చుట్టేవాళ్లు, కార్ఖానా కార్డు మాత్రం ఒక్కరి పేరు మీదే ఉండేది. ఆ పేరు పక్కింటి అక్కది. ఎల్లారెడ్డిలో అప్పట్లో కార్డు దొరకడం అంత తేలిక కాదు. మా నాయనమ్మ, అక్క వాళ్లమ్మ, ఎదురింటి అత్త, ఆమె కోడలు, ఎవరు చుట్టినా అన్నీ అక్క కార్డు మీదే పోయేవి. బాగున్నప్పుడు ఎవరూ ఏమీ అనరు. పనికిరావని కార్ఖానా వాళ్లు వెనక్కి పంపితే మాత్రం ఆ పిల్ల చెయ్యి బాగాలేదని అక్కకే చెడ్డపేరు వచ్చేది.

అలా వెనక్కి వచ్చిన బీడీలను మా నాయనమ్మ చాటలో పోసి అందరి మధ్యలో పెట్టేది. చుట్టిన మనిషికి తన బీడీ తెలుస్తుంది. మూతి మడిచే తీరు ఒక్కొక్కరిది ఒక్కోలా ఉంటుంది. ఎవరివి వాళ్లు ఏరుకుని, విప్పి, మళ్లీ చుట్టాలి. ఎదురింటి అత్త తనవి రెండు మూడు చూసీ చూడనట్టు వదిలేసేది. నాయనమ్మ ఆమె ముఖం వైపు చూడకుండానే వాటిని ఆమె ముందుకు జరిపేది.

నాకప్పుడు తొమ్మిదేళ్లు, మూడో తరగతి. వయసొచ్చిన పిల్ల బజారుకు పోవద్దని అక్కను వాళ్ల అన్న ఆపేశాక, కార్ఖానా నుంచి ఆకు, తంబాకు తెచ్చే పని నా మీద పడింది. అక్కడ ఆకు తూచే, ఎడమచేతి వేలు ఒకటి సగమే ఉన్న అబ్బాయిని నేను అన్నా అని పిలిచేదాన్ని. అతను ఆకుకట్టతో పాటు మడిచిన చిట్టీ ఒకటి నా చేతిలో పెట్టేవాడు. అక్కకు చదువు రాదు. చదివి వినిపించేది నేనే. కూడబలుక్కుంటూ, పాఠం అప్పజెప్పినట్టు గట్టిగా చదివితే అక్క సిగ్గుతో నా నోరు మూసేది. చదవడం అయిపోగానే చిట్టీని పొయ్యిలో వెయ్యాలి, అది మా ఒప్పందం. పెద్దవాళ్లకు తెలియని సంగతి నాకొక్కదానికే తెలుసని నేను బడిలో ఎంత టెక్కుతో నడిచేదాన్నో తలుచుకుంటే ఇప్పుడు సిగ్గేస్తుంది.

ఇద్దరి కులాలు వేరు. అక్కకు వాళ్ల అన్న పిట్లంలో సంబంధం చూసి ఖాయం చేశాడు. ఆ వారమే ఒక రోజు నేను కార్ఖానాకు వెళ్తే లెక్కలు రాసే మునీం పక్కనే నిలబడి ఉన్నాడు. ఆకు తూచే అన్న నా చేతికి చిట్టీ ఇవ్వలేదు. ఇంటికొచ్చి తడి గోనెసంచి మీద ఆకు పరుస్తుంటే మధ్యలో చిట్టీ కనబడింది. శుక్రవారం పొద్దున మొదటి బస్సుకు కామారెడ్డి పోదామని, అక్కడి నుంచి రైలు ఎక్కుదామని రాసి ఉంది. అక్క రెండుసార్లు చదివించుకుంది. నవ్వింది, కళ్లు తుడుచుకుంది. నేనూ వస్తానన్నాను. "నువ్వెందుకే పిల్లా, నీకు బడి లేదా" అంది, అంతే. ఆ మాటకు నాకు ఒళ్లు మండిపోయింది. ఇన్నాళ్లూ చిట్టీలు చదివిన దాన్ని నేను, నన్నొదిలేసి పోతుందా అనుకున్నాను.

ఆ చిట్టీ పొయ్యిలో వెయ్యలేదు. లంగా బొడ్లో దోపుకుని సాయంత్రం అక్క వాళ్లమ్మ దగ్గరికి తీసుకెళ్లాను. ఆమెకూ చదువు రాదు కాబట్టి ఆమెకూ నేనే చదివి వినిపించాను. "అక్కను పోనియ్యకు పెద్దమ్మా" అన్నాను. పోనివ్వకపోతే అక్క ఎప్పటిలాగే మా వాకిట్లో కూర్చుంటుందని, నాతో దారాలు అందించుకుంటుందని అనుకున్నాను. నా బుర్రకు అంతకంటే ముందు ఏమీ కనబడలేదు.

చిట్టీ ఆకుల్లో దొరికిందని పెద్దమ్మ తన కొడుకుతో చెప్పింది. నా పేరు రానివ్వలేదు. అతను అక్కను కొట్టాడు. గదిలో పెట్టి తలుపు వేశారు. ఆ అబ్బాయిని కార్ఖానాలో పని మాన్పించి, ఊళ్లో కనబడితే కాళ్లు విరగ్గొడతామని బెదిరించి పంపేశారు. గోడ అవతలి నుంచి అక్క ఏడుపు మా ఇంట్లోకి వినబడేది. మూడో రోజు పొద్దున ఒకసారి తలుపు తీసినప్పుడు అక్క బయటికి పరుగెత్తింది. మధ్యాహ్నానికి ఊరి బయటి బావి దగ్గర జనం చేరారు. మా నాయనమ్మ నన్ను ఇంట్లోంచి కదలనివ్వలేదు.

దినాలు అయ్యాక ఆడవాళ్లు మళ్లీ మా వాకిట్లోనే పనికి కూర్చున్నారు. కడుపు ఆగదు కదా. కార్డు ఇంకా అక్క పేరు మీదే ఉంది. చేతులు ఆడుతుంటే మాటలూ మొదలయ్యాయి. ఆ పిల్లగాడు చెడగొట్టాడని ఎదురింటి అత్త అంది. పిల్లకైనా బుద్ధి ఉండాలి కదా, తల్లి గుర్తుకు రాలేదా అని ఆమె కోడలు అంది. పెద్దమ్మ తల వంచుకుని ఆకు కత్తిరిస్తూనే ఉంది.

మా నాయనమ్మ తన చాట పక్కన పెట్టింది. "కార్డు మీద పేరున్నదని అన్నీ ఆ పోరి మీదనే వేస్తున్నరు. ఎవలి చెయ్యి ఎంతున్నదో వాండ్లకు ఎరుకనే. నాది నేను చెప్త" అంది. ఆ పిల్లగాడు మాకు మంచి ఆకు ఏరి ఇస్తున్నాడని, కట్ట కూడా బరువుగానే ఉంటుందని తాను ఎప్పుడో పసిగట్టిందట. "ఎందుకిస్తున్నడని అడగలే. మనకు మంచిదే గద అని ఊకున్న. అది నా తప్పు."

తర్వాత ఎదురింటి అత్త, పిట్లం సంబంధం అక్క వాళ్ల అన్నకు చెప్పింది తానేనని, పెళ్లికొడుకు వయసు తగ్గించి చెప్పానని నెమ్మదిగా ఒప్పుకుంది. పెద్దమ్మ కత్తెర కింద పెట్టింది. "గొళ్లెం పెట్టింది నేనే అవ్వా. లోపల ఏడుస్తుంటె కూడ తియ్యలే. నా కొడుక్కు భయపడ్డ" అంది. ఆ గొంతు నాకు ఇంకా వినబడుతుంది.

ఇక మిగిలింది నేను. నేను దారం ఉండ పట్టుకుని గోడవారకు కూర్చుని ఉన్నాను. పెద్దమ్మ ఒక్కసారి నా వైపు చూసింది. ఆమె చెప్పదని నాకు ఆ చూపులోనే తెలిసింది. నాయనమ్మ చాట ముట్టకుండా కాసేపు ఎదురు చూసింది. ఆమె ఏం గ్రహించిందో నాకు తెలియదు. నేను నోరు తెరవలేదు. ఆమె మళ్లీ చాట ఒళ్లోకి తీసుకుంది. సాయంత్రం నాకు జడ వేస్తూ, "చెప్పేది ఉంటె ఎప్పుడన్న చెప్పొచ్చు బిడ్డా. ఆలిశమైందని ఊకోవద్దు" అంది, అంతకు మించి ఏమీ అడగలేదు.

నాయనమ్మ పోయింది. పెద్దమ్మ కూడా పోయింది, నా మాట ఎవరికీ చెప్పకుండానే. పెళ్లయి కామారెడ్డి వచ్చాక నాకు ఎల్లారెడ్డితో పని తగ్గింది. మొన్న వేసవిలో మిక్సీ ఆగిపోతే మా వీధి చివరి దుకాణానికి తీసుకెళ్లాను. బాగుచేసే పెద్దాయన చెయ్యి చూసి ఆగిపోయాను. ఆకుకట్ట అందించిన చెయ్యే అది, ఎడమచేతి వేలు ఒకటి సగమే ఉంటుంది. ఎల్లారెడ్డి అనగానే ఆయనా నన్ను పోల్చుకున్నాడు. మనవళ్లున్నారట. మిక్సీ విప్పుతూ విప్పుతూ, నేను అడగకుండానే అన్నాడు. "ఆ దినం మునీం ఉన్నడని చిట్టీ ఆకులల్ల పెట్టిన చెల్లె. నీ చేతికిస్తె ఎవలికీ దొరకకపోతుండె. నా తొందరకు ఆమె పానం పోయింది. మా ఇంటామెకు కూడ ఈ ముచ్చట చెప్పలే."

ఒక్క మాట అంటే చాలు. అన్నా, చిట్టీ నాకే దొరికింది, నేనే తీసుకెళ్లి పెద్దమ్మకు ఇచ్చాను అంటే ఆయన ఇన్నేళ్ల బరువు ఆ బల్ల మీదే దిగిపోయేది. మాట నాలుక దాకా వచ్చింది. నా మనవళ్లను బడి నుంచి తీసుకొచ్చేటప్పుడు రోజూ ఈ దుకాణం ముందు నుంచే నడవాలి కదా అని కూడా ఆ క్షణంలో ఆలోచించాను. "అప్పటి ముచ్చట ఇప్పుడెందుకన్నా" అని మిక్సీ తీసుకుని వచ్చేశాను.

ఇప్పుడు వేరే దారిలో వెళ్తున్నాను. అక్క చావుకు కారణం ఎవరని అడిగితే నేను ఒక్కరి పేరు చెప్పలేను. అందులో నా వంతు ఎంతో మాత్రం నాకు తెలుసు. చిట్టీ తీసుకెళ్లి ఇచ్చింది తొమ్మిదేళ్ల పిల్ల, దానికి లోకం తెలియదు, దాన్ని ఎవరైనా క్షమిస్తారు. ఆ దుకాణంలో నోరు మూసుకుని వచ్చింది మాత్రం అరవై దాటిన మనిషి.