నడుముకు కట్టిన పుస్తెలు

ఖతర్‌లోని మెసయీద్ లేబర్ క్యాంపులో ఎవరికైనా లీవ్ దొరికిందంటే ఆ కబురు వాడి నోటి నుంచి రావాల్సిన పని లేదు. మెస్‌లో వంటవాడికే ముందు తెలుస్తుంది. సాయంత్రానికల్లా ఊరికి పోయేవాడి మంచం మీద పాలపొడి డబ్బా ఒకటి ప్రత్యక్షమవుతుంది. "మా పిల్లలకు, అన్నా. పెద్ద బరువేం లేదు." దాని వెనకే సెంటు సీసాలు, తలనొప్పి బామ్‌లు. ఊరికి పోయేవాడు నలుగురి సామాను మోయడం అక్కడ ధర్మం. కాదన్నవాడు రేపు తన సామాను ఎవరి చేత పంపుకుంటాడు?

జగిత్యాల దగ్గరి రత్నాకర్ స్కఫోల్డింగ్ పనికి, అంటే కట్టడాలకు పరంజాలు కట్టడానికి, వచ్చి పన్నెండేళ్లు. ఎప్పుడూ ఆ ధర్మం తప్పలేదు. కానీ ఈసారి అతను సరాసరి ఊరికి పోవడం లేదు. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు.

అతనికి ఒక పిచ్చి కోరిక పుట్టింది. పారే నీళ్లలో మెడదాకా కూర్చోవాలి, చుట్టుపక్కల తెలిసినవాడెవడూ ఉండకూడదు. ఖతర్‌లో ఏరన్నదే లేదు. మరి ఊరి పక్కన గోదావరి లేదా అంటారేమో. ఉంది మహాతల్లి! కానీ దుబాయ్ నుంచి వచ్చినవాడు (ఊరికి గల్ఫంతా దుబాయే) ఒక్కడే గోదావరికి పోతాడా? టెంపో మాట్లాడాలి, అత్తగారి వైపు వాళ్లను పిలవాలి, పిలవని వాళ్ల అలక తీర్చాలి. లీవ్ అంటే అతనికి ఇంకో డ్యూటీ. అందుకే ఫోన్‌లో చూసిన ఒక జలపాతం కోసం బ్యాంకాక్‌కు టికెట్ తీశాడు. నాలుగు రోజులు తిరిగి, అక్కడి నుంచే హైదరాబాద్. క్యాంపులో ఊరికి పోతున్నానన్నాడు. ఇంట్లో భార్య ప్రమీలకు లీవ్ వెనక్కి జరిగిందన్నాడు. నిజం చెబితే ఏం పోయిందంటారా? అయ్యో, బ్యాంకాక్ అనేది మన ఊళ్లలో పెళ్లయిన మగాడు నోరు తెరిచి చెప్పే పేరేనా!

సామానంతా సర్దాక పక్క మంచం సురేందర్ వచ్చాడు. చేతిలో చిన్న ఎర్ర డబ్బా.

"అన్నా, నాకు లీవ్ ఇయ్యలే. శుక్రవారం మా తమ్ముని లగ్గం. పుస్తెలు నేనే తెస్తనని అవ్వకు మాటిచ్చిన. నువ్వు తీస్కపోతె నేను పోయినట్టే."

బుధవారం దిగుతాను కదా, శుక్రవారానికి అందుతాయి అనుకున్నాడు రత్నాకర్. ఇంకెవరి చేతనైనా పంపుకోమని చెప్పాల్సింది. కానీ "ఇయ్యి తమ్మీ" అని తీసుకున్నాడు.

అలా వీపున క్యాంపువాళ్ల పాలపొడి, నడుముకు గుడ్డ సంచిలో సురేందర్ పుస్తెలు కట్టుకుని బ్యాంకాక్‌లో దిగాడు. గెస్ట్‌హౌస్‌లో ఎనిమిదిమందికి ఒక గది, మంచం మీద మంచం. క్యాంపు తప్పించుకుని వచ్చినవాడు డబ్బులిచ్చి మరీ క్యాంపులో పడ్డట్టయింది. నవ్వుకుంటూ ఫోన్ తెరిచాడు. ఆ నవ్వు అక్కడికక్కడే చచ్చింది.

వాయిస్ మెసేజ్‌లో సురేందర్ గొంతు: "అన్నా, యాడున్నవ్? మా తమ్ముడు నిన్ను తీస్కరానికి కారు మాట్లాడుకొని ఎయిర్‌పోర్టుల పొద్దటి సంది నిలవడ్డడు. ఫోన్ ఎత్తు. అన్నా, పుస్తెలున్నయా?"

తర్వాత ప్రమీల: "లీవ్ ఎనుకకు పోయిందంటివి. సురేందరేమొ నిన్ననే ఎల్లినవంటుండు. ఏడ సచ్చినవ్?"

రత్నాకర్ వెంటనే ఎయిర్‌లైన్స్‌కు ఫోన్ చేశాడు. టికెట్ ముందుకు జరగదన్నారు. కొత్తది కొందామంటే ఫులూస్ మాఫీ, చేతిలో డబ్బుల్లేవు. నోరు విప్పకపోతే బంగారం ఎత్తుకుపోయిన దొంగ, విప్పితే బ్యాంకాక్ పోయిన మొగడు. తేలు కుట్టిన దొంగలా ఆ మంచం మీద ముడుచుకుని, చివరికి సురేందర్‌కు ఒక్క ముక్క పంపాడు: పుస్తెలు భద్రం, బుధవారం ఇస్త, ఏమడగకు. ఫోన్ ఆపేశాడు.

మర్నాడు ఆ జలపాతం ఉన్న కాంచనబురి వైపు రైలెక్కాడు. ఇంకేం చేస్తాడు, ఆ గదిలో గోడలు చూస్తూ కూర్చోవాలా? దారి పొడుగునా వరి మళ్లు, కొంగలు. మా ఊరికి దీనికి తేడా ఏముందిరా దేవుడా అనుకున్నాడు. జలపాతం మాత్రం ఫోన్‌లో చూసిందే. పచ్చటి నీళ్లు, మెడదాకా మునిగి కేరింతలు కొడుతున్న జనం.

చొక్కా విప్పబోతే చెయ్యి నడుము మీద పడింది. సంచి ఒడ్డున పెడితే ఎవడైనా పట్టుకుపోతే? కట్టుకునే దిగితే ముడి వదులై కొట్టుకుపోతే? చొక్కా గుండీలు మళ్లీ పెట్టుకున్నాడు. బండ మీద కూర్చుని ఆ నీళ్లను చూస్తుంటే ఏడుపొచ్చింది. పొద్దు వాలేదాకా కూర్చుని లేచి వచ్చేశాడు.

బుధవారం పుస్తెలు సురేందర్ తల్లి నర్సవ్వ చేతిలో పెట్టాడు. ఆమె వాటిని కళ్లకద్దుకుంది. ఇతన్ని మాత్రం కూర్చోమనలేదు. ఇంట్లో ఉన్నదున్నట్టు చెప్పాడు. "నీళ్లు సూడ పోయినవా? బ్యాంకాక్‌కు? నీళ్లు?" అని ప్రమీల ఒక నవ్వు నవ్వి అటు తిరిగి పడుకుంది. పిల్లల మీద ఒట్టేసినా ఇటు తిరగలేదు. మిగిలిన లీవంతా అలాగే గడిచింది.

మెసయీద్‌కు తిరిగొస్తే అంతకు ముందే కథ అక్కడికి చేరింది. "యల్లా, రాండ్రి, బ్యాంకాక్ బావ వచ్చిండు!" అని మెస్‌లో ఒకటే గోల. సురేందర్ నవ్వలేదు, మాట్లాడనూ లేదు. పక్క మంచం మనిషి మాట్లాడకపోతే ఆ గది ఎంత ఇరుకో రత్నాకర్‌కు అప్పుడు తెలిసింది.

ఒక శుక్రవారం ఇద్దరూ నల్లా దగ్గర బట్టలు పిండుతున్నారు. సురేందర్ తలెత్తకుండానే అడిగాడు.

"నిజం చెప్పు. నీళ్లకే పోయినవా?"

"నీళ్లకే."

"మరి మంచిగ దిగినవా?"

"లే."

"ఏమాయె?"

"నీ పుస్తెలు నడుముకుండె గద తమ్మీ. ఒడ్డు మీద పెట్టబుద్ధి కాలే."

సురేందర్ చేతిలో పిండుతున్న చొక్కా అలాగే ఆగిపోయింది. "అంత దూరం పోయి దిగకపోతివే, పిచ్చి అన్నా!" అన్నాడు. ముక్కు చీది, బకెట్ నల్లా కింద పెట్టాడు.

"కూసో."

రత్నాకర్ నల్లా కింద బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు. సురేందర్ చెంబుతో ముంచి అతని నెత్తిన పోస్తున్నాడు. ఆగస్టు ఎండకు ట్యాంకులో కాగిన నీళ్లు, ఒళ్లు చురచురమంటోంది. అయినా రత్నాకర్ చాలు అనలేదు.