దొరై మామ ఎలుకలు

మా దొరై మామ లెక్కలో కారు చెడిపోవడానికి ప్రపంచంలో ఒకటే కారణం: ఎలుక. ఇంజిను మొరాయించినా ఎలుకే, లైట్లు వాటంతటవే వెలిగినా ఎలుకే, అద్దం దిగనంటే అదీ ఎలుకే. కోయంబత్తూరులో గణపతి అనే పేటలో ఆయనది కార్ల కరెంటు పనులు చేసే షెడ్డు. దాని పక్కనే నా టైర్ల షాపు. పదకొండేళ్లుగా ఈ ఎలుక పురాణం వింటున్నాను కాబట్టి ఆయన గురించి చెప్పే హక్కు నాకుంది.

పనిలో మాత్రం అసాధ్యుడు, ఒప్పుకోక తప్పదు. ఇప్పటి కారులో ఇంజినుకో చిన్న కంప్యూటరు, బ్రేకుకొకటి, స్టీరింగుకొకటి, తలుపులకొకటి. అవన్నీ మెలివేసిన రెండు సన్నటి తీగల మీద ఒకదానికొకటి కబుర్లు పంపుకుంటేనే బండి నడుస్తుంది. ఆ కబురు ఎక్కడో తెగిందంటే పెద్ద పెద్ద వర్క్‌షాపుల వాళ్లే చేతులెత్తేసి, "దొరై దగ్గరికి పోండి" అంటారు. మామ మీటరు పెట్టి, ఒక కన్ను మూసుకుని, తెగిన చోటు పట్టేస్తాడు. అంతా అయ్యాక ఓనరు, "ఏమిటికి ఇట్లాయె?" అని అడుగుతాడు కదా, అప్పుడు తల గోక్కుని, "ఎలుక సార్" అంటాడు.

ఒకసారి మేలూరు నుంచి గ్రానైటు వ్యాపారి ఒకాయన కొత్త కారు తెచ్చాడు. సీట్ల మీద ప్లాస్టిక్కు కూడా తీయలేదు.

"దీంట్లోనూ ఎలుకేనా?" అన్నాడాయన.

"కొత్త బండి వాసనంటే వాటికి ప్రాణం సార్" అన్నాడు మామ.

నాకు ఒళ్లు మండింది. "మామా, ఊరంతా నవ్వుతా ఉండారు. గణపతిలో ఇన్ని ఎలుకలుంటే మనుషులు కాపురం చేయగలరా?"

"నువ్వు పోయి టైరుకి గాలి పట్టు రా, ముకుందూ" అన్నాడు. అంతే జవాబు.

ఇలా ఉండగా గోపాలసామి పెద్దాయన వచ్చాడు. డెబ్బై నాలుగేళ్ల మనిషి. వెంట భార్య సుందరవల్లమ్మ, కొడుకు సతీష్‌కుమార్. ప్రతి శనివారం మొగుడూ పెళ్లాం కారులో కారమడై రంగనాథసామి గుడికి పోవడం వాళ్ల వ్రతం. ఆరు నెలలుగా ఆ దారిలోనే బండి ఉన్నట్టుండి ఆగిపోతోంది. సోమవారం వర్క్‌షాపుకి తీసుకుపోతే ఏ దోషమూ లేదంటున్నారు.

"బండి బాగానే ఉంది మామా. నైనాకే మరుపు. ఏదో తొక్కబోయి ఏదో తొక్కుతా ఉండాడు" అన్నాడు సతీష్.

"నేనే చెప్తిని వీడికీ, వీధిలో వాళ్లకీ. మొన్న కళ్లజోడు ఫ్రిడ్జిలో పెట్టినారు" అంది సుందరవల్లమ్మ.

పెద్దాయన మాత్రం యాభై ఏళ్లు స్టీరింగు పట్టిన చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు.

"ఈ శనివారమే కడపటిది" అన్నాడు సతీష్. "కారణం దొరకలేదంటే తాళంచెవి నేను తీసి పెట్టుకుంటా. డ్రైవర్ని పెడతా."

"అట్లయితే నేనూ వస్తా. ఎప్పుడూ ఎట్లా పోతారో అట్లే పోదాం. ఒక్కటీ మార్చొద్దు" అన్నాడు మామ. టైర్లు వదిలేసి నన్నూ రమ్మన్నాడు.

శనివారం పొద్దున పెద్దాయన స్టీరింగు దగ్గర, ఎడమ పక్కన సుందరవల్లమ్మ, వెనక మేమిద్దరం. ఆమె కాళ్ల దగ్గర ఇత్తడి బిందెలో మజ్జిగ, పైన ఒక పళ్లెం మూత. గుళ్లో ఎండలో వచ్చిన వాళ్లకి పోస్తుందట. పెరియనాయక్కన్‌పాళయం దాటాక స్పీడు బ్రేకరు వచ్చింది. బండి ఎగిరింది, బిందె తొణికింది. కాసేపటికి డాష్‌బోర్డు దీపాలన్నీ ఒక్కసారి వెలిగాయి, స్పీడు ముల్లు సున్నాకి పడింది, బండి రోడ్డు పక్కన ఆగింది.

"చూస్తిరా దొరై, నేనేమీ తొక్కలేదు" అన్నాడు పెద్దాయన.

మామ వాళ్లిద్దరినీ టీ కొట్టు నీడలో కూర్చోబెట్టాడు. బ్యాటరీ తీగ విప్పి మీటరు పెట్టాడు. ఆ రెండు సన్న తీగల మధ్య అరవై ఓములు చూపాల్సింది పద్దెనిమిది చూపింది. సుందరవల్లమ్మ కాళ్లు పెట్టుకునే చోట కార్పెట్టు ఎత్తాడు. ఆ కబుర్ల తీగల ప్లగ్గు ఉప్పు మజ్జిగలో నానుతోంది. పచ్చటి చిలుము, దాని మీద ఒక కరివేపాకు. శనివారం తడిసేది, సోమవారానికి ఆరిపోయేది. వర్క్‌షాపు వాళ్లకి ఎలా దొరుకుతుంది?

"అయ్యో మామా, ఇది సుందరవల్లత్త..." అని నోరు తెరిచానో లేదో, నా కాలు తొక్కాడు. కరివేపాకు తీసి చొక్కా జేబులో వేసుకున్నాడు. ప్లగ్గు కడిగి, చిలుము గీకి, ఆరబెట్టి బిగించాడు. మీటరు అరవై చూపింది. "అత్తా, బిందె డిక్కీలో పెడితే మీరు కాళ్లు చాపుకోవచ్చు" అని తనే మోసుకుపోయి పెట్టాడు. గుడికి పోయి వచ్చేదాకా బండి మళ్లీ ఆగలేదు.

ఇంటి గేటు దగ్గర సతీష్ ఎదురొచ్చాడు. "దొరికిందా మామా?"

"దొరికింది. ఎలుక. మీ నైనా తప్పు ఒక్క చుక్క లేదు. తాళంచెవి ఆయన దగ్గరే ఉండనీ."

సతీష్ తల దించుకుని, "తప్పయిపోయె నైనా" అన్నాడు.

వీధిలోకి రాగానే నేను మామని పట్టుకున్నాను. "ఎందుకు మామా ఆ అబద్ధం?"

"మొగుడికి మరుపని ఆరు నెలలు చెప్పిందే ఆమె రా. తప్పు నీదే అని కొడుకు ముందర ఎట్లా చెప్పేది?"

"మరి మేలూరాయన?"

"వాళ్ల తమ్ముడు చాటుగా పాటల పెట్టె బిగించబోయి తీగ కోసినాడు. ఇద్దరూ ఒకే ఇంట్లో అన్నం తినాల కదా."

"ఈ పదకొండేండ్లలో నిజంగా ఎలుక కొరికినవి ఎన్ని?"

మామ వేళ్లు మడిచాడు. "రెండు. దాంట్లో ఒకటి పందికొక్కు."

ఇన్నాళ్లూ నవ్విన నా మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. ఇంతలో సుందరవల్లమ్మ మా వెనకే వచ్చింది.

"దొరై, నీ జేబులోంచి తొంగి చూస్తా ఉండే ఆ కరివేపాకు నాదే కదా?"

మామ జేబు మూసుకుని తల గోక్కున్నాడు. ఆమె గిరుక్కున వెనక్కి తిరిగి, నేరుగా గేటు లోపలికి పోయి, కొడుకు వింటుండగానే చెప్పింది. "ఏమండీ, ఎలుకా లేదు ఏమీ లేదు. నా మజ్జిగే. మీ బుద్ధి గట్టిగానే ఉంది."

పెద్దాయన కారు దగ్గరికి పోయాడు. ఎడమ పక్క తలుపు తెరిచాడు. "ఎక్కు."

"ఎక్కడికి నైనా? ఇప్పుడే కదా వస్తిరి!" అన్నాడు సతీష్.

"ఎక్కడికీ లేదు. ఆరు నెలలు వీధి వీధికీ నాకు మరుపని చెప్పి వచ్చింది. ఆ వీధులన్నీ ఒక్కటి మరవకుండా తిప్పి చూపిస్తా."

ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వుతూ ఎక్కింది. ఆ సాయంత్రం ఆ కారు మా షెడ్ల ముందు నుంచి మూడుసార్లు పోయింది. మూడుసార్లూ పెద్దాయన హారను కొట్టాడు, మూడుసార్లూ మామ లేచి నిలబడి చెయ్యెత్తాడు.