వానలో రైలు ఆగాలా?

నేను చిత్తూరు హైస్కూల్లో లెక్కల అయ్యవారిని. మా అక్క మొగుడు తిరుపతి రైల్వే స్టేషన్లో గూడ్స్ గుమాస్తా. ఇద్దరికీ చదరంగం పిచ్చి. కలిసినప్పుడు ఆడేది చాలక, ఎత్తులు కార్డుముక్కల మీద రాసి పంపుకునేవాళ్ళం. అదీ పాతబడ్డాక ఒక వేసవి సెలవుల్లో కొత్త చదరంగం కట్టుకున్నాం.

అందులో ఏనుగుల చోట రైళ్ళు. కదిలిన రైలు ఏదైనా అడ్డం వచ్చేదాకా పోవలసిందే. మధ్యలో ఆగాలంటే మేము గుర్తు పెట్టిన నాలుగు స్టేషన్ గళ్ళలోనే ఆగాలి. గుర్రాల చోట మేకలు. మేక గుర్రంలాగే దూకుతుంది గాని, దేన్నైనా తిన్నాక నెమరు వేసుకుంటూ ఒక ఎత్తు కదలకుండా ఉండాలి. ఇక వాన. అది ఒక చింతగింజ, ఎవరి పక్షమూ కాదు. పావు జరపడానికి బదులు ఎవరైనా దాన్ని జరపవచ్చు. వాన పడ్డ గడిలోని పావు ఒక ఎత్తు కదలరాదు.

మరి రైలు మీద వాన పడితే? ఆగాలని నేను, ఆగదని బావ. ఏడాదైనా ఆ ఒక్కటీ తేలలేదు.

నలభై రెండు స్వరాజ్య ఉద్యమంలో ఊరూరా తంతి తీగలు తెగుతున్నాయనీ, పట్టాలు లేచిపోతున్నాయనీ వార్తలు. ఆ రోజుల్లోనే, బుర్ర పనిచేయక, బావకు ఇట్లా కార్డు రాశాను: "నీ రైలు మీద వాన పడుతుంది. ఏడో గడి దాటనివ్వను. నా మేక సిద్ధంగా ఉంది."

నాలుగో రోజు పాఠం మధ్యలో ఒక కానిస్టేబులు తరగతి గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు.

"అయివోరా, సర్కిలు దొర పిలస్తా ఉండారు. ఇప్పుడే రావల్ల."

పోలీసు స్టేషన్లో బల్లమీద నేను బావకు రాసిన కార్డులన్నీ వరసగా పరిచి ఉన్నాయి. సర్కిలు ఇన్‌స్పెక్టరు చివరి కార్డు మీద వేలు పెట్టాడు.

"లెక్కలు సెప్పేవోడివి, రైలుతో నీకేం పనప్పా? ఈ మేక ఎవుడు?"

"చదరంగం పావు సార్."

"నేనూ సదరంగం ఆడినోన్నే. దాంట్లో మేక యాడుండాది?"

నియమాలన్నీ చెప్పాను. ఆయన నవ్వలేదు.

"మీ బావను తెల్లారే పట్టకొచ్చినాము. పక్క రూములో ఉండాడు. ఆయప్పనూ ఇదే అడగతా. ఇద్దురి మాటా ఒకటైతే ఇది ఆట. తేడా వస్తే ఇద్దురూ జైలుకే. ఇప్పుడు సెప్పు. రైలు మీద వాన పడితే?"

ఇంకా తేలలేదు అనడమే నిజం. ఆ భయంలో ఆ మాట తోచలేదు. "ఆగుతుంది సార్" అన్నాను.

ఆయన పక్క గదిలోకి వెళ్ళాడు. గోడ అవతల కుర్చీ జరిగిన చప్పుడు తప్ప ఏమీ వినపడలేదు. తిరిగొచ్చి కలం మూత తీశాడు.

"ఆగదంట."

"ఒక్కసారి ఆయన్ను పిలవండి సార్" అన్నాను.

బావ వచ్చాడు. చొక్కా గుండీలు రెండు లేవు. నా వైపు చూడలేదు. ఇన్‌స్పెక్టరు నా జవాబు చెప్పగానే మాత్రం నా వైపు గిర్రున తిరిగాడు.

"ఆగతాదా? పన్నెండేండ్లుగా రైల్లో పనిజేస్తా ఉండా. వానకు రైలాగేది యాడన్నా సూసినావా నువ్వు?"

"కట్ట తెగితే ఆగదా బావా? పోయినేడు రేణిగుంట కాడ పొద్దంతా నిలిసిపోలా?"

"అది వరదరా! వాన గాదు!"

"మన ఆటలో వరద యాడుండాది?"

బావ ఇన్‌స్పెక్టరు బల్లను అరచేత్తో చరిచాడు. ఆ చప్పుడుకు ఇద్దరికీ ఒకేసారి మేమెక్కడున్నామో గుర్తొచ్చింది. గుమ్మంలో కానిస్టేబులు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. ఇన్‌స్పెక్టరు ఒక సుద్దముక్క నా ముందు పడేశాడు.

"గళ్ళు గీయి. ఆడండి, సూస్తా."

నేలమీద గీశాను. సుద్దముక్కలు, కానిస్టేబులు తెచ్చిన అలసంద గింజలు, సిరాబుడ్డి మూతలు పావులయ్యాయి. బావ రెండుసార్లు రాజును పడగొట్టాడు. ఇన్‌స్పెక్టరు కుర్చీలోంచి కదలకుండా ఒక్కో ఎత్తుకూ కారణం అడిగాడు. గంట గడిచింది. నేను వానను తెచ్చి బావ రైలు మీద పెట్టాను. బావ నా ముఖం చూశాడు. రైలును తాకి, చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. ఏం చేస్తే ఏమవుతుందో ఇద్దరికీ తెలియదు.

"కదిలిస్తే అయివోరి మేక పోతాది గదప్పా!" అన్నాడు ఇన్‌స్పెక్టరు.

తలెత్తి చూశాను. ఎప్పుడు దిగాడో, మా పక్కనే గొంతుక్కూర్చుని ఉన్నాడు.

సాయంత్రానికి మమ్మల్ని వదిలాడు. కార్డులు మాత్రం ఇవ్వలేదు. "పైవాళ్ళకు నేను జవాబు సెప్పుకోవల్ల" అన్నాడు.

నెల తిరగకముందే బావను అడవి మధ్య ఒక చిన్న స్టేషనుకు మార్చారు. కారణం రాయలేదు. అక్క ఏడాదిపాటు నాతో మాట్లాడలేదు. బావ నన్ను ఒక్క మాటా అనలేదు. నేను రాకముందు తెల్లవారుజాము నుంచి ఆ గదిలో తనను ఏమడిగారో, ఎట్లా అడిగారో కూడా ఎన్నడూ చెప్పలేదు. అడగడానికి నాకూ ధైర్యం చాలలేదు.