మొదటికి రా!

రాహేలమ్మ దగ్గర ఏ చిక్కుకైనా ఒకటే మందు: "మొదటికి రా!" పప్పులో ఉప్పెక్కువైనా, పక్కింటి మొగుడూపెళ్లాలు కొట్టుకున్నా, వాళ్లను మొదటికి తెచ్చి, మెట్టు మెట్టుగా నడిపించి, తప్పు దొరికాకే వదిలేది.

మొగులమ్మ ఆమెను మొదటిసారి చూసింది తాండూరు నుంచి వికారాబాద్ పోయే బస్సులో. పందొమ్మిది వందల అరవై రెండు. బండల గనిలో మొగుడు దేవప్ప కాలు విరిగింది. ఉన్న రెండు మూటలతో, కుంటుతున్న మొగుడితో మొగులమ్మ ఊరు మారుతోంది. ఇంతలో ముందు సీట్లో గొడవ. కండక్టర్ బాల్‌రాజ్ రాహేలమ్మ దిగాల్సిన ఆసుపత్రి మలుపు దాటించేశాడు.

"గట్టిగ చెప్పాలె గద, అమ్మా!"

"మొదటికి రా. నేను ఎక్కిన. నువ్వేం జేసినవ్?"

"టికెట్ అడిగిన."

"ఏడికని చెప్పిన?"

"ఆసుపత్రి మలుపుకు."

"ఇచ్చినవా?"

"ఇచ్చిన."

"మరి బస్సు ఆపుడు ఏ మెట్టుకాడ మర్శినవ్?"

బాల్‌రాజ్ డ్రైవర్ వైపు తిరిగాడు. "డ్రైవర్ సాబ్, జర ఎనుకకు తియ్యిండ్రి!" నిండు బస్సు వెనక్కి నడిచింది. రాహేలమ్మ మహారాణిలా దిగింది.

ఈమె దగ్గర ఏదైనా పని నేర్చుకోవాలని మొగులమ్మ అప్పుడే అనుకుంది. ఆరా తీస్తే రాహేలమ్మ ఇంట్లో స్వెట్టర్లు అల్లే మిషన్లున్నాయి. గుట్ట మీది ఆసుపత్రి రోగులకు చలి ఎక్కువ. ఎన్ని అల్లినా అమ్ముడుపోతాయి. షరతు ఒకటే: మూడు స్వెట్టర్లు తప్పు లేకుండా అల్లితే మిషన్ ఇంటికి పంపుతుంది. మొగులమ్మ ఇంట్లో అప్పటికి పిండి డబ్బా అడుగు కనిపిస్తోంది.

"సదువొస్తదా?" అంది రాహేలమ్మ, లెక్కల కాగితం చూపిస్తూ.

"రాదు."

"మీ నాయిన గొర్లను ఎట్ల లెక్కవెట్టెటోడు?"

"తాడుకు ముడులేసి."

"అయితే తాడు తే!"

ఒక ముడికి పది వరుసలు. జంటముడి వస్తే సంక దగ్గర కుట్లు తగ్గించాలి. తాడు అయిపోతే ముందుభాగం అయిపోయినట్టు. మిషన్‌కు తెలివి లేదు, తెలివంతా తాడులో ఉంది. అది సరిగ్గా ఉంటే మిషన్‌ను ఎవరు తోసినా అదే స్వెట్టరు వస్తుంది.

మొదటి వారం మొగులమ్మకు అన్నీ తప్పులే. రెండో వారం చెయ్యి కుదిరింది. తప్పులు మాత్రం పోలేదు. సరిగ్గా పన్నెండు గంటలకు రాహేలమ్మ వచ్చి, కళ్లద్దాలు సవరించుకుని, "గీడ తప్పింది. మొదటికి రా!" అని సర్రున విప్పేసేది. ఒకే ఉన్నిని అన్నిసార్లు అల్లి విప్పేసరికి దానికీ దారి కంఠతా వచ్చింది.

"తప్పు జేసినోళ్లు ఇంటికి పోతే లెక్క మరుస్తరు. ఈడనే తినాలె. గదే శిక్ష."

"నేను తినే వచ్చిన, టీచరమ్మా."

"శిక్షకు తినుడు, తినకపోవుడు ఉండదు. కూసో!"

శిక్ష రెండు జొన్నరొట్టెలు, గిన్నెడు కందిపప్పు. మిగిలిన రొట్టెలు పాడైపోతాయని కసిరి, దేవప్పకు కట్టించడం రెండో శిక్ష. మొగులమ్మ ఒకరి చేతి ముద్ద ముట్టని మనిషి. శిక్ష కాబట్టి తినేది.

మూడో స్వెట్టరు రోజు పన్నెండు కొట్టింది. రాహేలమ్మ చెయ్యి చాపింది. మొగులమ్మ ముక్కను వెనక్కి దాచేసుకుంది.

"టీచరమ్మా, మీరే మొదటికి రాండ్రి! ముడులెన్ని?"

"ఏడు."

"వరుసలు?"

రాహేలమ్మ లెక్కపెట్టింది. డెబ్భై. మళ్లీ లెక్కపెట్టింది. డెబ్భయ్యే.

"మరి తప్పేడుంది? నిన్న గూడ లేదు, మొన్న గూడ లేదు!"

అంత నోరున్న మనిషి తడబడి, కళ్లద్దాలు తీసి తుడుచుకుంది.

"పొద్దుగాల తిని వచ్చినవా?"

"తిన్న."

"మొదటికి రా."

మొగులమ్మ తల దించుకుంది. "...తినలే."

"మరి తప్పెవరిది?"

ఇద్దరికీ ఒకేసారి నవ్వొచ్చింది. ఆ మధ్యాహ్నం శిక్ష లేకుండానే ఇద్దరూ ఒకే పళ్లెంలో తిన్నారు.

సాయంత్రం మిషన్‌ను బండిలో ఎక్కిస్తూ రాహేలమ్మ చెవిలో చెప్పింది. "ఎల్లుండి కుల్కచర్ల నుంచి కొండమ్మ అని ఒక పిల్ల వస్తది. నీ లెక్కనే మొండిది, తిని వచ్చిన అంటది. నాకు అబద్ధం ఆడుడు చాతనైతలేదని నువ్వే తేల్చినవ్ గద! పన్నెండుకు నువ్వు రా. దాని పనిల ఒక తప్పు వట్టు."

"లేకపోతే?"

"జర గట్టిగ వట్టు."