బజ్జీల బండి కింద దొరికిన బసాల్ట్

నవ్వబోమని మాటిస్తే చెప్తా. నవ్వుతారని తెలుసు, అయినా చెప్తా. మొన్న ఎమ్మిగనూరులో, మా బడిలోనే, అంతమంది టీచర్ల ముందర నా పరువు రెండు ముక్కలైంది. సుత్తితో కొట్టింది కూడా నేనే!

సంగతేమంటే, ఆ రోజు మా దగ్గర స్కూల్ కాంప్లెక్స్ మీటింగ్. చుట్టుపక్కల బడుల టీచర్లంతా వస్తారు, ఒకరు అందరి ముందర మాడల్ లెసన్ చెప్పాల. ఈసారి వంతు నాది. ఎనిమిదో తరగతికి అగ్నిశిలలు, అంటే గ్రానైట్‌కూ బసాల్ట్‌కూ తేడా. నోరు మూసుకోని చెప్పింటే పోయేది! "పుస్తకంలో బొమ్మలు చూపిస్తే ఏం గొప్ప సార్? రెండు రాళ్ళూ పిల్లల చేతుల్లోనే పెడతా చూడండి" అని హెడ్మాస్టర్ దగ్గర కోతలు కోసినా. ఆయన ఆ మాటను అట్లే వాట్సాప్ గ్రూపులో పెట్టేసినాడు.

గ్రానైట్‌కేం? నేనుండేది ఆదోనిలో. కొండ కింద వంగి తీసుకుంటే చాలు. బసాల్ట్ యాడ తెచ్చేది? వారం రోజులు వెతికినా. ఒకరోజు బస్సు కిటికీలోంచి నల్లగా, పెద్దది కనబడితే "ఆపన్నా, ఆపు!" అని లేచినా. అదీ లేచింది, తోక ఊపింది. ఎనుము!

మీటింగ్ రోజు పొద్దున ఎమ్మిగనూరు బస్టాండులో దిగి, లక్ష్మక్క బజ్జీల బండి దగ్గర బొరుగుల ఉగ్గాని, బజ్జీ తింటాండా. ఆమె కూతురు రేణుక మా బడిలో ఎనిమిదే. మిరపకాయ బజ్జీ కారానికి కండ్లలో నీళ్ళొచ్చి తల కిందికి వంచినా. బండి చక్రానికి అడ్డంగా టెంకాయంత రాయి! నల్లగా, నున్నగా నిగనిగలాడతాంది.

"అక్కా! ఈ రాయి నాకియ్యి!"

"రాయేం సేసుకుంటావు సారూ? అది మా మామ..."

"సాయంత్రం తెచ్చిస్తాలే!"

చక్రం కింద ఒక ఇటుక పెట్టి, రాయి సంచిలో వేసుకోని ఆటో ఎక్కేసినా. వెనకనుంచి ఆమె ఏమో అరుస్తానే ఉంది. వినే ఓపిక ఎవరికుంది? ప్లేటులో సగం ఉగ్గాని వదిలేసి వచ్చినా. ఆ బాధ ఇంకా తీరలేదు.

క్లాసు మాత్రం అదిరిపోయింది. "పటికబెల్లం ఎట్లయితాది పిల్లలూ? పాకం నిదానంగా ఆరితే పెద్ద పలుకులు కడతాది. గ్రానైట్ అంతే. భూమి లోపల నిదానంగా చల్లారింది, పలుకులు కంటికి కనబడతాయి. బసాల్ట్ బయటికొచ్చి గబుక్కున చల్లారింది, పలుకు కట్టే టైమే లేదు. అందుకే ఎంత నున్నగా ఉందో చూడండి!"

వెనక టీచర్లు తలలు ఊపుతాండారు. రాయి చేతులు మారుతాంది. ముందు బెంచీ పిల్ల ఒకతి ముక్కు దగ్గర పెట్టుకోని, "సార్, బసాల్ట్ బజ్జీల వాసన వస్తాంది సార్!" అనింది.

"అగ్నిలోంచి వచ్చింది కదమ్మా, అట్లే ఉంటాది" అన్నా. సిగ్గులేని నోరు! ఆ ముక్కను వెనక ఒక టీచరమ్మ నోట్సులో రాసుకునింది కూడా.

రేణుక చెయ్యెత్తింది. "సార్, ఆ రాయి..."

"డౌట్లన్నీ చివర్లో!"

పొద్దున తల్లి మాట వినలేదు, ఇప్పుడు కూతురి మాట వినలేదు. ఇంక సుత్తి తీసినా. "లోపల కూడా ఇంతే నల్లగా ఉంటాది, చూడండి!" ఠప్!

రెండు ముక్కలు. లోపల గులాబీ రంగు, తెల్లటి పలుకులు, మధ్యమధ్యలో తళుకులు. బల్ల మీదున్న గ్రానైట్‌కు కవల పిల్ల! నలుపంతా పైన గోరంత మందం.

రేణుక లేచి, "అదే సెప్పబోతాండా సార్. మా తాత ఆదోని కొండ కాడ నుంచి తెచ్చినాడంట. నూనె పడీ పడీ, పొగ తగిలీ తగిలీ నల్లగయింది" అనింది.

పిల్లలు బెంచీలు కొట్టి నవ్వినారు. భూమి చీలితే బాగుండునని నిజంగా అనుకున్నా. అంతలో హెడ్మాస్టర్ లేచి చప్పట్లు! "శభాష్ సార్! పైరంగు చూసి మోసపోకూడదు, పగలగొట్టి పలుకు చూడాల. ఎంత బాగా ప్లాన్ చేసినారు!" నిజం చెప్దామని నోరు తెరిచినా, ఒట్టు! అది బయటికొచ్చే లోపల శాలువా వచ్చి మెడలో పడింది.

సాయంత్రం భయంభయంగా రెండు ముక్కలు తీసుకోని లక్ష్మక్క దగ్గరికి పోయినా. ఆమె పకపకా నవ్వి, "మంచిదే సారూ, ఇంగ రెండో సక్రానికీ అడ్డం దొరికె" అని వేడివేడి బజ్జీలు పెట్టింది. ప్రాణం లేచొచ్చింది.

అంతటితో అయిపోతే బాగుండు! వచ్చే నెల ఆదోని కాంప్లెక్స్‌లో మళ్ళీ నేనే చెప్పాలంట, అట్లాంటి రాయితోనే. అందుకని కొండ కింది నుంచి ఇంకొక రాయి తెచ్చి మా ఇంట్లో పొయ్యి పక్కన పెట్టినా. బజ్జీలు కాల్చిన నూనె రోజూ దాని నెత్తిన పోస్తాండా. వారం నుంచి మూడు పూటలా బజ్జీలే. రాయి ఇంకా గులాబీ రంగులోనే ఉంది, నా కడుపులో మాత్రం లావా పొంగుతాంది!