అక్క మామగారి అరచేతులు

మా అక్క మామగారు గొర్రెపిల్లను పట్టుకునే ముందు అరచేతులు రుద్దుకుని వెచ్చచేసుకుంటారు. తాండూరు పక్క ఊళ్లో ఆయనకు మంద ఉంది. వాడలో ఏ పసివాడికి కడుపునొప్పి వచ్చినా తడిమి చూడమని ఆయన దగ్గరికే తెస్తారు. అప్పుడూ అంతే, ముందు చేతులు రుద్దుకుంటారు.

సొంత మనవడికి, మా అక్క కొడుక్కి, ఒక వృషణం సంచిలోకి దిగలేదని ఆ చేతులకు ఏడాది కిందటే తెలుసు. ఎవరికీ చెప్పలేదు. వికారాబాద్‌లో డాక్టరమ్మ చూసి, ఆపరేషన్‌కు ఇప్పటికే ఆలస్యమైందంది. తనకు ముందే తెలుసని ఆయన అప్పుడు బయటపెట్టారు. ఫోన్‌లో దాని గురించి అంతా చదివి ఆయన మీద విరుచుకుపడ్డాను.

"తెలిసి గూడ దాచినవా మామా? పిలగాని బతుకుతోని ఆటలా?"

"గసొంటి పొట్టేలును మందల ఉంచుకోం అల్లుడా, ముందుగాల కోతకు తోలుతం. నా మనవణ్ణి గూడ గట్లనే జూస్తరని నోర్మూసుకున్న."

నా కోపం చల్లారలేదు. ఆపరేషన్ గది బయట ఆయనకు వీపు తిప్పి కూర్చున్నాను. గంటకు డాక్టరమ్మ వచ్చింది.

"వృషణం బాగుంది. కిందికి దించి కుట్టేశాం. భయం లేదు."

అక్క ఏడ్చేసింది. ఆయన మాత్రం డాక్టరమ్మ వెనకే నడిచారు.

"అమ్మా, మా వాడల ఇంక ఇద్దరు పిలగాండ్లకు గిట్లనే ఉన్నది. ఆళ్ల అమ్మలకు గూడ ఎర్క లేదు. ఎప్పుడు తోల్కరావాలె?"