ఎవరూ తొక్కని జంఖానా

ఆ రోజుల్లో మా నిజామాబాదులో కాలికి ఏది తగిలినా చేయి దానంతట అదే కళ్ల దగ్గరికి పోయేది. పుస్తకం తగిలితే సరస్వతి, పైసా తగిలితే లక్ష్మి, బియ్యపు గింజ తగిలితే అన్నపూర్ణ. పక్కవాళ్ల కాలు తగిలినా సరే, అందులో ఏ దేవుడున్నాడో ఏమో అని ఒక దండం. కోటగిరి నుంచి బస్సులో వచ్చేటప్పుడు ఆ కుదుపులకు తగిలే కాళ్లన్నిటికీ దండాలు పెట్టుకుంటూ వస్తే, దిగేసరికి నాకు భుజం పట్టేసేది. ఇంత మర్యాద గల ఊళ్లో, కాళ్ల కింద వేసుకునే జంఖానాలు చేసి బతకాలనుకున్న మనిషి గతి ఏమవుతుందో మీరే ఆలోచించండి. ఆ మనిషే మా కొక్కెం అవ్వ.

నేను అప్పుడే డ్రాయింగు పరీక్ష లోయరు పాసై, కంఠేశ్వర్ దగ్గర ఒక పెంకుటింట్లో నడిచే ఆడవాళ్ల చేతిపనుల సంఘంలో బొమ్మలు గీసిచ్చే ఉద్యోగానికి కుదిరాను. లోకంలో నేను గీయలేని వస్తువు లేదని నా నమ్మకం. (జంతువుల కాళ్లు మాత్రం కుదిరేవి కావు. అందుకని నేను గీసిన జంతువులన్నీ ఎత్తైన గడ్డిలోనే నిలబడేవి.) సంఘంలో కొందరు రవికెలు కుట్టేవారు, కొందరు అప్పడాలు ఒత్తేవారు, ఊరగాయలు పెట్టేవారు. కిటికీ పక్కన మంచమంత చట్రం వేసుకుని కొక్కెం అవ్వ కూర్చునేది. సంఘం తలుపులు తెరిచిన మొదటి రోజు నుంచీ ఆ చోటు ఆమెదే. ఆదివారం చర్చిలో, మిగతా రోజులు కిటికీ దగ్గర, ఇంతే ఆమె బతుకు. ఎండిన చెరకు గడలా సన్నగా, పొడుగ్గా ఉండేది. తెల్లచీర, ముక్కు మీద గుండ్రటి కళ్లద్దాలు. ఒక పక్క కాడ ఎప్పుడో విరిగిపోతే దాని బదులు దారం కట్టి చెవికి చుట్టుకునేది.

వయసులో ఉన్నప్పుడు ఆమె మిషన్ దవాఖానాలో ఆయాగా పనిచేసిందట. అక్కడి దొరసాని డాక్టరమ్మ తీరిక వేళల్లో ఈ పని నేర్పిందట. గోనెగుడ్డను చట్రానికి బిగించి కట్టాలి. పాతచీరలు, పాత లుంగీలు వేలెడు వెడల్పున పట్టీలుగా చించుకోవాలి. పట్టీని గోనె కింద పట్టుకుని, పైనుంచి కొక్కెం దూర్చి, దాన్ని చిన్న ఉచ్చులా పైకి లాగాలి. పక్కనే ఇంకోటి, దాని పక్కన ఇంకోటి. అలా ఉచ్చులు ఒత్తుగా నిండితే మెత్తటి జంఖానా. దొరసాని ఇచ్చిన కొక్కెం అరిగిపోతే, కమ్మరి దగ్గర గొడుగు కమ్మీ వంచి కొత్తది చేయించుకుంది. గోనె మాత్రం బోధన్ వైపు నుంచి వచ్చే చక్కెర సంచులే. ఎన్ని నీళ్లల్లో ఉతికినా వాటిలో తీపి ఎక్కడో మిగిలేది. కొత్త జంఖానా చట్రం దిగిందో లేదో, గోడవారగా చీమలు బారులు కట్టి వచ్చేవి. "ఇన్నేండ్ల సంది నా జంఖానా మీద నడిసినయి గీ చీమలే బిడ్డా, మనుషులు కాదు" అని అవ్వ నిట్టూర్చేది.

అది వట్టి నిట్టూర్పు కాదు. కొన్నవాళ్లు ఉన్నారు, తొక్కినవాళ్లే లేరు. అవ్వ ఎద్దుల జత వేసిన జంఖానాను ఒక వకీలుగారి ఇంట్లో తీసుకున్నారు. అది ఎలా అరుగుతోందో చూసొద్దామని ఒకనాడు అవ్వ ముచ్చటపడి వెళ్లింది. తిరిగొచ్చేసరికి మొహం కందగడ్డ.

"గోడకు ఉరేసిండ్రు బిడ్డా! మేకులు కొట్టి మరీ! ఎద్దులకు బొట్టు గూడ పెట్టిండ్రు!"

"నందీశ్వరుడు కదవ్వా" అన్నాను, నా చేయి కళ్లదాకా పోబోతుంటే ఆపుకుంటూ.

"నందీశ్వరుడు గాదు, నాగయ్య గాదు. గవి కోటగిరి బండెద్దులు! తొక్కనీకె చేసిన, మొక్కనీకె కాదు."

తొక్కని జంఖానా అరగదు. అరగకపోతే రెండోది కొనరు. ఇది మా ప్రెసిడెంటమ్మకు లెక్కల్లో తేలింది. ఆమె భారీ మనిషి, మనసు మంచిదే, కానీ సంఘం పేరు చెడితే తన ఇంటి పేరు చెడినంత బాధపడేది. మా సంఘం చేతిపనులను ప్రదర్శనకు పెట్టే నుమాయిష్ దగ్గరపడింది, హైదరాబాదు నుంచి పెద్దాఫీసరమ్మ వస్తుందని కబురు. ఆ హడావుడిలో ఒక పొద్దున అవ్వ ముందు నిలబడి, "అవ్వా, నారాజ్ గాకు. గీ చట్రం తీసేసి కిటికీ కాడ కుట్టుమిషన్ పెడ్తం. నువ్వు గా అప్పడాల కాడ కూసో, నీడకు" అనేసింది.

అవ్వ కొక్కెం ఆపలేదు. ఒక ఉచ్చు లాగి, ఇంకోటి లాగి, అప్పుడు అంది. "నా ఇంట్ల చట్రం పెడితె నేను వాకిట్ల పండాలె. అప్పడాలంటవా, నాకు పిండి సుతం కలపరాదు. ఒక్క పని జెయ్యి. నుమాయిష్ నాడు గడప కాడ నా జంఖానా ఏస్త. వచ్చినోళ్లు తొక్కుకుంట లోపలికొస్తె చట్రం ఉంచు. తొక్కకపోతె నేనే విప్పుకపోత. నువ్వు చెప్పక్కర లేదు."

"మాటనా?"

"మాటనే."

ప్రెసిడెంటమ్మ వెళ్లాక అవ్వ నా వైపు తిరిగింది. "డ్రాయింగ్ పిల్లా, ఈ ఊర్ల ఎవ్వలు మొక్కని బొమ్మ ఒక్కటి గియ్యి" అంది. నేను ఛాతీ విరుచుకుని, ఇదెంత పని అనుకున్నాను.

ఎంత పనో తర్వాత తెలిసింది. నెమలి గీస్తే సుబ్రహ్మణ్యస్వామి వాహనమన్నారు. తామరపువ్వు లక్ష్మీదేవి కూర్చునే పీట. చెరకు మా బోధన్ వైపు రైతులకు సాక్షాత్తు లక్ష్మి. పసుపు కొమ్మంటే చెప్పనే అక్కర్లేదు. ఎలుక వినాయకుడిది, కుక్క మల్లన్నది. "రండి" అని అక్షరాలు రాద్దామంటే సరస్వతి. చివరికి తెలివిగా గాడిదను గీశాను. (గడ్డిలో.)

"దీని కాళ్లేవి బిడ్డా?" అంది అవ్వ.

"గడ్డి మేస్తోంది కదా, కనబడవు."

"కాళ్లతోని మేస్తదా?"

కాళ్ల సంగతి తేలకముందే అప్పడాల దగ్గరి మరాఠీ అక్క లేచి వచ్చి, "అగ్గ బాయీ!" అని చెంపలు వేసుకుంది. "శీతలమ్మ తల్లి గాడిద మీదనే కూసుంటది. అమ్మవారు పోస్తది, వద్దు!" సరే, పోనీ చీపురు గీద్దామన్నాను. శీతలమ్మ చేతిలో చీపురు కూడా ఉంటుందట. నేను పెన్సిలు కింద పెట్టాను. పెన్సిలుకు కాలు తగిలింది. దండం పెట్టుకున్నాను.

అవ్వ చాలాసేపు కిటికీలోంచి బయటికి చూసి, ఉన్నట్టుండి నవ్వింది. "దొరికింది బిడ్డా. ఈ ఊర్ల ఎవ్వలు మొక్కంది ఒక్కటుంది. నేను! నా బొమ్మ గియ్యి. నన్ను తొక్కనీకె ఎవ్వలకేం అడ్డం?"

ఆ మాట ఆమె బాధపడుతూ అనలేదు, కూరలో ఉప్పు సరిపోయిందన్నంత మామూలుగా అంది. నాకేమో పెన్సిలు తీయబుద్ధి కాలేదు. అయినా గీశాను. మనిషిని నడుము దాకా గీస్తే చాలు, కాళ్ల బెడద లేదు. అవ్వ తన పాత తెల్లచీరలు చించి చీర చేసింది. చిరిగిన గొడుగు నల్లగుడ్డతో కళ్లద్దాల చట్రం, ఎర్రదారంతో చెవికి చుట్టిన ముడి. "నా ముక్కు గింత పెద్దగుంటదా?" అని ఒక్కసారి అడిగింది. ఉంటుందన్నాను. ఇంకా రెండు వరుసలు కలిపి పెద్దది చేసింది. "ఎక్కువ జాగ ఉంటె ఎక్కువ మంది తొక్కుతరు" అంది.

నుమాయిష్ రోజు పొద్దున్నే గడప ముందు జంఖానా పరిచాం. అటు అవ్వ, ఇటు నేను, ద్వారపాలకుల్లా నిలబడ్డాం. మా సంఘం ఆడవాళ్లు ఒక్కరూ రావడం లేదేమిటా అని లోపలికి తొంగిచూస్తే అందరూ అక్కడే ఉన్నారు. పెరటి దారిన వచ్చారట. ఆ సంగతి అవ్వకు చెప్పలేదు.

ఇంతలో జీపు వచ్చింది. ఆఫీసరమ్మ కోస్తా వైపు మనిషి, చురుకైనది, గబగబా మెట్లెక్కి కాలెత్తింది. ఎత్తిన కాలు అలాగే ఆగింది. కింది మొహాన్ని చూసి, పక్కనున్న మొహాన్ని చూసింది. రెండింటికీ దారం కట్టిన కళ్లద్దాలే.

"ఈవిడ మీరేనా అండీ?"

"నేనే. తొక్కుండ్రి. మంచిగ తొక్కుండ్రి" అంది అవ్వ, చుట్టానికి పీట వేసినట్టు ఆప్యాయంగా.

"అయ్యో, ఎలా తొక్కుతానండీ! మా అమ్మమ్మలా ఉన్నారు!" అని ఆవిడ కుచ్చిళ్లు ఎత్తిపట్టుకుని ఒక్క గెంతు గెంతి లోపల పడింది. వెనక వచ్చిన గుమాస్తా, ఇదేదో ఇక్కడి పద్ధతి కాబోలనుకుని ఫైళ్లు చంకన పెట్టుకుని గెంతాడు. గోలీసోడాల పళ్లెం పట్టుకున్న జవాను కూడా గెంతాడు. సగం సోడా నా తలమీద పడింది. అవ్వ మాత్రం ఒక్కొక్కరినీ "తొక్కుండ్రి, తొక్కుండ్రి" అంటూనే ఉంది. రానురాను ఆ గొంతు చిన్నదైపోతోంది. చివరికి అతిథుల వెనక ప్రెసిడెంటమ్మ వచ్చింది. ఆమె తొక్కితే అన్నీ సర్దుకుంటాయి, ఎందుకంటే ఒక్క ఆమె తొక్కినా పదిమంది తొక్కినంత. ఆమె జంఖానాను చూసింది, అవ్వను చూసింది, యేసయ్యనో వేంకటేశ్వరుణ్నో తలుచుకుని ఎగిరింది. దిగినప్పుడు లోపల ఊరగాయ జాడీలన్నీ గలగలమన్నాయి.

"నువ్వన్న తొక్కు బిడ్డా" అంది అవ్వ నాతో.

ఆమె కోసం తొక్కాలనే అనుకున్నాను. కాలు లేచింది కూడా. లేచింది గానీ దిగనన్నది. ఒంటికాలి మీద కొంగలా ఊగిఊగి, తూలి, గడప దాటి వెళ్లి సరిగ్గా ఆఫీసరమ్మ పాదాల మీద పడ్డాను. అలవాటు చొప్పున దండం కూడా పెట్టుకున్నాను. ఆవిడ నన్ను దీవించింది.

అవ్వ ఇక ఎవరినీ పిలవలేదు. "ఇగ నా మొకం నేనే తొక్కుకుంట" అని చెప్పులు విడిచి, తన ముక్కు మీద, కళ్లద్దాల మీద నింపాదిగా అడుగులు వేసుకుంటూ లోపలికి నడిచింది. ఎవరి వైపూ చూడకుండా నేరుగా కిటికీ దగ్గరికి పోయి, వంగి, చట్రానికి కట్టిన తాళ్లు విప్పడం మొదలుపెట్టింది.

"ఏం జేస్తున్నవ్ అవ్వా?" ప్రెసిడెంటమ్మకు ఇంకా రొప్పు తగ్గలేదు.

"మాట మాటే గదా. ఎవ్వలు తొక్కలే."

ప్రెసిడెంటమ్మ కొంగుతో మొహం తుడుచుకుంది. తుడుచుకున్నది చెమట ఒక్కటే కాదని నా అనుమానం. "నీ బొమ్మ మీదనే కాలు పెట్టలేకపోతిమి, నీ చట్రం మీద చెయ్యెట్ల పెడ్తమే తల్లీ! కట్టు తాళ్లు. కూసో" అంది.

అవ్వ కూర్చుంది. ఆఫీసరమ్మ మెచ్చుకుని, తమ ఆఫీసు గోడలకు ఇలాంటివి కొన్ని కావాలని చెప్పింది. "గోడలకేనా?" అని అవ్వ మొహం మాడ్చుకుంది గానీ వద్దనలేదు. సాయంత్రం ఇద్దరం రిక్షాలో పోతుంటే, అవ్వ జంఖానా చుట్ట ఒళ్లో పెట్టుకుని మొహం అటు తిప్పుకుని కూర్చుంది. ఇంకా కోపంలో ఉందనుకున్నాను. రైలు గేటు పడి రిక్షా ఆగినప్పుడు, "గంత శరీరం ఏసుకోని ప్రెసిడెంటమ్మ ఎట్ల ఎగిరిందే బిడ్డా!" అంది. మొదట నెమ్మదిగా, తర్వాత కళ్లద్దాలు జారి ఒళ్లో పడేదాకా నవ్వింది. నవ్వుతూనే, "నా కోసమే ఎగిరింది గదా?" అని అడిగింది. అవునవ్వా అన్నాను. గేటు తీసేదాకా ఆ ఒక్కమాటే ఇంకో రెండుసార్లు అడిగింది.

నా పెళ్లికి అవ్వ ఒక జంఖానా తెచ్చింది. బొమ్మ లేదు, పువ్వు లేదు, అక్షరం లేదు. అంతా ఆమె తెల్లచీరల పట్టీలే. "దీంట్ల ఏ దేవుడు లేడు, నేను సుతం లేను. ఇగ తొక్కకపోతె సూడు" అని నా చేత ఒట్టు వేయించుకుంది. ఆమె లేదనడం అబద్ధమని ఇద్దరికీ తెలుసు.

అవ్వ పోయి చాలాకాలమైంది. ఆ జంఖానా మా మంచం పక్కనే ఉంటుంది. పొద్దున దిగేటప్పుడు ఒట్టు ప్రకారం రెండు కాళ్లూ దాని మీదే పెడతాను. పెట్టగానే చేయి కిందికి వంగి, దాన్ని తాకి, కళ్ల దగ్గరికి రావాలని చూస్తుంది. ఇప్పుడు నడుము ఒప్పుకోవడం లేదు కాబట్టి సగం దారి నుంచే వెనక్కి వస్తుంది. (అవ్వ చూస్తే మోకాటి మీద ఒక్కటేసేది.) మొన్న పనమ్మాయి ఊడవడానికి దాన్ని ఎత్తితే, మధ్యలో ఉచ్చులు సన్నబడి లోపలి గోనె కనబడుతోంది. "అరిగిపోయిందమ్మా, పారేద్దునా?" అంది. నేను నవ్వి, అరిగిన చోట చేత్తో నిమిరి, అక్కడే పరవమన్నాను. అవ్వ చేసిన అన్ని జంఖానాల్లో కాళ్ల కింద అరిగింది బహుశా ఇదొక్కటే.